రక్షణ అంటే ఏంటమ్మా?

(విజయవాడలో ఒక సంఘం జరిపిన తల్లిదండ్రుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. పక్క గదిలో మన పిల్లల్ని ఆడిస్తున్న యవనస్థులకు మరీ మరీ వందనాలు. వాళ్ళు అక్కడ ఓపిక పట్టబట్టే మనం ఇక్కడ నింపాదిగా కూర్చోగలిగాం.

నేను సండే స్కూల్ టీచర్ని, ఇద్దరు పిల్లల తల్లిని. మాది సింగ్ నగర్. ఆ పేరు వినగానే మీలో చాలామందికి 2024 సెప్టెంబరు గుర్తొస్తుంది. ఒకటో తారీఖు, ఆదివారం. చర్చికి బయల్దేరుదామని మా చిన్నదానికి జడ వేస్తున్నాను. వీధిలోకి నీళ్ళొచ్చాయని ఎవరో కేకేశారు. వాన నీళ్ళేలే అనుకున్నాం. బుడమేరు వాగు అలా మీదికొస్తుందని మేం అనుకోలేదు. మధ్యాహ్నానికి మంచం కోళ్ళు మునిగాయి. పిల్లల్ని, ఒక సంచీని పట్టుకుని మేడమీద ఇంటి ఓనర్ గారి వాటాలోకి ఎక్కాం. రెండు రాత్రులు కరెంటు లేదు. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం చుక్క లేదు. మూడో రోజు మా మెట్ల దాకా పడవ వచ్చింది.

ఆ పడవలో లైఫ్ జాకెట్ వేసుకున్న ఒకాయన నిలబడి రెండు చేతులూ చాపాడు. మా చిన్నదానికి అప్పుడు ఆరేళ్ళు. నా మెడ పట్టుకుని వదలదు. ఆయన దాని పేరడగలేదు, ఎందుకు ఏడుస్తున్నావని అడగలేదు. చంకల కింద చేతులు పెట్టి ఒక్క ఎత్తున లేపి పడవలో కూర్చోబెట్టాడు. తర్వాత తడి చేత్తోనే దాని జుట్టు సవరించి, "ఏం కాదులే తల్లీ" అన్నాడు.

కొన్ని వారాల తర్వాత, ఇల్లు కడుక్కుని మళ్ళీ కుటుంబ ప్రార్థన మొదలుపెట్టాక, ఒక రాత్రి మత్తయి సువార్త 14వ అధ్యాయం చదివాను. యేసు శిష్యుడు పేతురు నీళ్ళమీద నడుస్తూ, గాలి చూసి భయపడి మునిగిపోతూ "ప్రభువా, నన్ను రక్షించుము" అని కేక వేస్తాడు. వెంటనే యేసు చెయ్యి చాపి పట్టుకుంటాడు. అక్కడిదాకా చదివానో లేదో, మా చిన్నది లేచి కూర్చుంది. "పడవ అంకుల్ లాగానా అమ్మా?" అంది.

అప్పటికి రెండేళ్ళుగా దానికి రక్షణ గురించి, అంటే దేవుడు మనల్ని పాపం నుంచి కాపాడడం గురించి, చెబుతూనే ఉన్నాను. వాక్యాలు కంఠతా పట్టించాను. అడిగితే అప్పజెప్పేది. కానీ ఆ మాట దాని లోపలికి దిగింది ఆ రాత్రే. పిల్లలకు రక్షణ చెప్పాలంటే ముందు మన ఇంట్లో, మన వీధిలో, వాళ్ళ ఒంటిమీద జరిగినదాంట్లో ఆ మాట ఎక్కడుందో వెతకాలని నాకూ అప్పుడే తెలిసింది.

మన మాటల్లో చిక్కులున్నాయి, గమనించారా? కుక్కపిల్ల కాలికి దెబ్బ తగిలితే "అయ్యో పాపం" అంటాం. నాలుగేళ్ళ పిల్లకి పాపం అంటే జాలి. ఆదివారం మనం "నీలో పాపం ఉంది" అంటే ఆ పిల్లకి ఏం అర్థం కావాలి? మా క్లాసులో ఒక బాబు లేచి అడిగాడు: "టీచర్, యేసయ్య పాపల కోసం వచ్చాడన్నారు కదా, మరి బాబుల కోసం ఎవరొచ్చారు?" వాడు బెంగగా అడిగాడు. తనని వదిలేశారనుకున్నాడు. పాపులు, పాపలు. ఒక్క కొమ్ము తేడా. నేను వాడిని దగ్గరికి తీసుకుని, "నీ కోసం కూడా వచ్చాడు నాన్నా" అని ముందు చెప్పి, మాట తేడా తర్వాత చెప్పాను. ఆ రోజు నుంచి చిన్న పిల్లల దగ్గర ఏ పెద్ద మాటా విడమర్చకుండా వాడడం మానేశాను. ప్రాయశ్చిత్తం, విమోచన, నీతిమంతుడు, ఇవన్నీ మంచి మాటలే. మన బైబిలు భాష నాకు ప్రాణం. కానీ ఆరేళ్ళ పిల్లకి "అద్వితీయ కుమారుడు" అంటే "ఒక్కగానొక్క కొడుకు" అని చెప్పేవాళ్ళు పక్కన ఉండాలి. ఆ పక్కన ఉండేది మనమే. సండే స్కూల్లో మాకు వారానికి ఒక్క గంటే దొరుకుతుంది.

పాపాన్ని ఎలా చెప్పాలని చాలామంది అడుగుతారు. అబద్ధం, దొంగతనం, తిట్లు అని జాబితా చదివితే పిల్లలు పక్కవాళ్ళ తప్పులు లెక్కపెడతారు. నేను ఆదికాండం 3వ అధ్యాయం నుంచి మొదలుపెడతాను. గ్లాసు పగలగొట్టి తలుపు చాటున దాక్కున్న పిల్లకి ఆదాము కథ వేరే చెప్పక్కర్లేదు. తప్పు చేశాక అమ్మ మొహం చూడలేకపోవడం, పిలిచినా రాబుద్ధి కాకపోవడం, అదీ పాపం చేసే పని. మనల్ని దేవుడి దగ్గర్నుంచి దాక్కునేలా చేస్తుంది. ఆ తర్వాతి మాట తప్పకుండా చెప్పండి. చెట్ల చాటున దాక్కున్న వాణ్ణి వెతుక్కుంటూ దేవుడే వచ్చాడు, "నీవు ఎక్కడ ఉన్నావు" అని పిలిచాడు. బైబిలంతా ఆ పిలుపే. గుణదల మేరీమాత ఉత్సవాల జనంలో బిడ్డ తప్పిపోతే ఏ తండ్రీ ఇంటికి పోయి తలుపేసుకుని, "వాడే వస్తాడులే" అనడు. లూకా సువార్త 15లో 100 గొర్రెల్లో ఒకటి పోగొట్టుకున్న కాపరి, 10 నాణేల్లో ఒకటి పోగొట్టుకున్న ఆవిడ, ఇద్దరు కొడుకుల్లో ఒకడు తప్పిపోయిన తండ్రి, ముగ్గురి కథా అదే.

ఇక భయం సంగతి. దీని గురించి కాస్త గట్టిగానే మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. అన్నం తినకపోతే యేసయ్యకి కోపం వస్తుంది, అల్లరి చేస్తే దేవుడు కొడతాడు, అలా అంటే కళ్ళు పోతాయి. ఇవి మన ఇళ్ళల్లో రోజూ వినపడే మాటలు. ముద్ద మింగించడానికి దేవుణ్ణి బూచివాడిలా వాడుకుంటున్నాం. అలా పెరిగిన పిల్లని పదేళ్ళ తర్వాత కూర్చోబెట్టి "దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడు" అంటే ఎలా నమ్ముతుంది?

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ళ కిందట, వేసవి సెలవుల బైబిలు బడి (వీబీఎస్) ఆఖరి రోజున నరకం గురించి పిల్లలకి కళ్ళకు కట్టినట్టు చెప్పి, "పరలోకానికి వెళ్ళాలనుకునేవాళ్ళు చేతులెత్తండి" అన్నాను. అందరూ ఎత్తారు. మరుసటి ఏడాదీ అంతే. మూడో ఏడాది ఒక అమ్మాయి నా దగ్గరికొచ్చి మెల్లగా అంది: "టీచర్, పోయినసారి నేను చెయ్యి సరిగ్గా ఎత్తలేదేమోనని రాత్రుళ్ళు భయమేస్తోంది." ఎనిమిదేళ్ళ పిల్ల. ఏడాదిగా ఆ బరువు మోస్తోంది. ఆ చెయ్యి పట్టుకుని నేను చాలాసేపు మాట్లాడలేకపోయాను. రక్షణ మనం ఎత్తిన చేతిలో లేదమ్మా, ఆయన చాపిన చేతిలో ఉంది అని ఆ రోజు చెప్పాను.

నరకం లేదని చెప్పమనడం లేదు. వాక్యంలో ఉన్నది దాచకూడదు. అయితే ఏది ముందు, ఏది తర్వాత అన్నది ముఖ్యం. మళ్ళీ పేతురు కథే చూడండి. యేసు ముందు పట్టుకున్నాడు, "అల్పవిశ్వాసీ, ఎందుకు సందేహపడితివి" అని అడిగింది ఆ తర్వాత. మునిగేవాడికి ముందు చెయ్యి, తర్వాత ప్రశ్న. మనం ఇంట్లో తిరగేసి చేస్తున్నాం. సిలువ కథ కూడా అంతే. మేకులు, రక్తం అంటూ నాలుగేళ్ళ పిల్లకి వర్ణించి చెప్పక్కర్లేదు. "మన తప్పుకి రావలసిన దెబ్బ ఆయన తన మీద వేసుకున్నాడు, చనిపోయాడు" అంటే చాలు. కానీ ఆయన చనిపోయిన శుక్రవారం దగ్గర ఆపి పిల్లల్ని నిద్రపుచ్చకండి. మూడో రోజున సమాధి ఖాళీ అని అదే పూటలో చెప్పి, అప్పుడు దీపం ఆర్పండి.

మా అమ్మమ్మది గుంటూరు. అక్కడి లూథరన్ మిషన్ బడిలో చదువుకుంది. 1842లో అమెరికా మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషన్ అది. జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ రాసిన చిన్న ప్రశ్నోత్తరాల పుస్తకం ఆమెకి నోటికొచ్చు. లూథర్ 1529లో దాన్ని ఎవరి కోసం రాశాడో తెలుసా? ఇంటి పెద్ద తన ఇంటివాళ్ళకి సులువుగా నేర్పుకోవడానికి అని అందులోనే రాశాడు. అంతకుముందు ఏడాది ఆయన ఊళ్ళు తిరిగి చూస్తే జనానికి విశ్వాసం గురించి మొదటి అక్షరాలు కూడా తెలియవు. అందుకే ఆ పుస్తకం. అందులో ఒక్కో మాట తర్వాత ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వస్తుంది: దీని అర్థమేమి? అమ్మమ్మ చింతపండు పిక్కలు తీస్తూ నన్ను అడిగేది, నేను చెప్పేదాన్ని. తర్వాత నన్ను అడగమనేది, తను చెప్పేది. ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి విడుదలైనందుకు చేసుకునే పస్కా పండుగ గురించి నిర్గమకాండం 12లో కూడా దేవుడు అదే అంటాడు. మీ పిల్లలు దీని భావమేమిటని మిమ్మల్ని అడుగుతారు, అప్పుడు మీరు చెప్పాలి. యెహోషువ 4లో వాళ్ళు యొర్దాను నది దాటినప్పుడు అందులోంచి తెచ్చిన 12 రాళ్ళు కూడా పిల్లలు చూసి అడగాలనే నిలబెట్టారు. పిల్లల ప్రశ్న కోసం దేవుడు ముందే చోటు ఉంచాడు. మనం మాత్రం ప్రార్థనలో పిల్ల నోరు తెరిస్తే "ష్, కళ్ళు మూసుకో" అంటాం.

ఒక కష్టమైన ప్రశ్న గురించి చెప్పి తీరాలి. మనలో చాలా ఇళ్ళల్లో నాన్నమ్మో, పెదనాన్నో గుడికి వెళ్ళేవాళ్ళున్నారు. పిల్ల వచ్చి "నాన్నమ్మ నరకానికి వెళ్తుందా?" అని అడుగుతుంది. అలా అడిగిందంటే నాన్నమ్మ అంటే ప్రాణమని. దయచేసి ఆ పిల్ల నోటితో నాన్నమ్మకి తీర్పు చెప్పించకండి. "తీర్పు తీర్చేది దేవుడమ్మా, ఆయన మనకంటే ఎక్కువగా నాన్నమ్మని ప్రేమిస్తున్నాడు. నువ్వు నాన్నమ్మ కోసం రోజూ ప్రార్థన చెయ్యి, వెళ్ళి కాళ్ళు నొక్కు" అని నేను చెబుతాను. ప్రేమించని నోటితో చెప్పిన సువార్త ఏ నాన్నమ్మకీ వినపడదు.

ఇప్పుడు నా ఇంట్లో జరిగింది ఒకటి చెప్పాలి. పోయిన ఏడాది నా బ్యాగులో 50 రూపాయల నోటు కనపడలేదు. మా పెద్దాడికి తొమ్మిదేళ్ళు. అంతకుముందు రోజే ఏదో కొనుక్కోవడానికి డబ్బులడిగాడు, నేను ఇవ్వలేదు. వాడే తీశాడనుకున్నాను. తీయలేదన్నాడు. "అబద్ధం కూడానా" అని చెల్లెలి ముందే చెంప మీద కొట్టాను. సాయంత్రం ప్రార్థనకి బైబిలు తెరిస్తే కానుక కవరు జారి పడింది. 50 రూపాయలు అందులో ఉన్నాయి. నేనే పెట్టి మర్చిపోయాను.

ఆ కవరు మూసేసి ఏమీ జరగనట్టు వాక్యం చదివేద్దామని ఒక్క క్షణం అనిపించింది, నిజం చెబుతున్నాను. వాడు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, చెంప ఇంకా ఎర్రగానే ఉంది. కవరు తీసి వాడికి చూపించాను. "నేను తప్పు చేశాను నాన్నా. నిన్ను నమ్మలేదు, కొట్టాను. నన్ను క్షమిస్తావా?" అన్నాను. వాడేమీ అనలేదు. మా ఆయన కూడా ఏమీ అనలేదు. ఆ రాత్రి ఇక వాక్యం చదవలేదు. "యేసయ్యా, నన్ను క్షమించు" అని పిల్లల ముందే ప్రార్థన చేసి లైటు తీసేశాను. చాలాసేపటికి చీకట్లో వాడి కాలు నా మీద పడింది, రోజూ వేసి పడుకున్నట్టే. "సరేలే అమ్మా" అన్నాడు.

మర్నాడు మా చిన్నది అడిగింది: "అమ్మా, నువ్వు కూడా పాపివేనా?" అవునమ్మా అన్నాను. "మరి నిన్ను కూడా యేసయ్యే లాగాలా?" అంది. అవునన్నాను. దాని మొహం విప్పారింది. తనొక్కతే తప్పులు చేస్తానని అప్పటిదాకా అనుకుందట. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" అని ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయంలో మనం చదువుతాం కదా, కృప అంటే ఏంటో దానికి ఆ పూట నేను చెప్పిందేమీ లేదు. వాళ్ళ అన్న నన్ను క్షమించడం పక్క మంచం మీంచి విన్నది, అంతే.

చాలామంది "ఎప్పుడు, ఎంత వయసులో" అని అడుగుతారు. కొన్ని సంఘాల్లో పసిబిడ్డకే బాప్తిస్మం ఇస్తారు, కొన్నింట్లో పెద్దయ్యాక తనంతట తను అడిగినప్పుడే ఇస్తారు. అది మీ పాస్టరు అయ్యగారితో మాట్లాడుకోండి. ఇంట్లో చెప్పడానికి మాత్రం వయసు లేదు. పౌలు శిష్యుడు తిమోతికి వాళ్ళ అమ్మమ్మ లోయి, అమ్మ యునీకే ఉన్నారు, బాల్యం నుంచే లేఖనాలు తెలుసు. నాన్నలు కూడా వినండి, ఇది అమ్మలకే వదిలేసే పని కాదు. రాత్రి ఫోన్ పక్కన పెట్టి పది నిమిషాలు పిల్లల దగ్గర పడుకుంటే చాలు. మీకు పాటలు రాకపోయినా ఫరవాలేదు.

ముగించే ముందు పడవ సంగతి ఇంకొకటి ఉంది. మా ఎదురింటి తాతగారు ఆ రోజు పడవ ఎక్కనన్నారు. సామాను వదిలి రానని పట్టుబట్టారు. పడవ వెళ్ళిపోయింది. సాయంత్రం మళ్ళీ వచ్చి పిలిచారు, అప్పుడూ రానన్నారు. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వచ్చారు. ఈసారి ఎక్కారు. ఈ మధ్య తప్పిపోయిన కుమారుడి కథ చెబుతుంటే మా చిన్నది అడిగింది: "అమ్మా, తాతగారు మూడోసారి కూడా రానంటే పడవ అంకుల్ మళ్ళీ వచ్చేవాడా?" వచ్చేవాడనే అనుకుంటున్నాను అన్నాను. "యేసయ్య?" అంది. నేను దాన్ని దగ్గరికి లాక్కుని, ఆ తండ్రి కొడుకుని ఇంకా దూరంలో ఉండగానే చూసి పరుగెత్తుకొచ్చిన చోటు మళ్ళీ చదివాను.

పిల్లలు బయటికి రావడానికి ఇంకా పావుగంట ఉంది. మీ పిల్లలు మిమ్మల్ని ఏమేం అడుగుతున్నారో చెప్పండి. వెనక వరసలో ఉన్న అక్కయ్య ఇందాకటి నుంచి చెయ్యెత్తుతున్నారు, మైకు అటు ఇవ్వండి.