చలివేంద్రం నీళ్ళు మనుషులకి, రేడియేటర్‌కి కాదు

అందరికీ నమస్కారం. వేదిక మీద ఉండే పెద్దలకి, మన స్టాండు ప్రెసిడెంట్ అన్నకి, రిబ్బన్ కత్తిరించి వెళ్ళిపోకుండా ఇంకా కూర్చోనుండే కౌన్సిలరమ్మకి, ఎండలో నిలబడి ఉండే ఆటో తమ్ముళ్ళకి, లారీ అన్నలకి, ఆ మైకు తెచ్చిన అబ్బాయికి కూడా. ఎవర్నన్నా మర్చిపోయుంటే ఏమనుకోవద్దు, నాకు మైకులో మాట్లాడే అలవాటు లేదు, మెకానిక్ షెడ్డులో అరిచే అలవాటే ఉంది.

చలివేంద్రం గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. దాహం తీర్చడం పుణ్యం, కావలిలో ఏప్రిల్ ఎండ ఎట్టుంటదో మీకు చెప్పాల్సిన పన్లేదు, ఈసారి మజ్జిగ కూడా పెట్టారు, చాలా సంతోషం. రెండు ముక్కలు అయిపోయినాయి. ఇంక నాకు కావాల్సింది నేను మాట్లాడతా.

పొద్దున నేను వచ్చేసరికి ఇంకా రిబ్బన్ కూడా కట్టలా, ఒక డ్రైవర్ ఆ కుండలోనుంచి చెంబుతో నీళ్ళు ముంచి బానెట్ ఎత్తి, ఇంజన్ నీళ్ళని చల్లార్చే రేడియేటర్లో పోస్తా ఉండాడు. ఏందబ్బయ్యా అంటే బండి హీటెక్కతా ఉంది మేస్త్రీ అన్నాడు. హీటు మీటర్లో ముల్లు యాడికొచ్చింది అన్నా. సగానికి వచ్చేసింది అన్నాడు. సగానికి! ముల్లు సగంలో ఉందంటే ఆ బండి బ్రహ్మాండంగా ఉన్నట్టు. దానికి ఏ రోగమూ లేదు. రోగం పట్టిస్తా ఉండేది ఈయన.

అందుకని అసలు సంగతి చెప్తా వినండి. ఇంజన్ అనేది చల్లగా ఉండాల్సిన వస్తువు కాదు. పాత బండి అయినా కొత్త బండి అయినా, అంబాసిడర్ అయినా మారుతి 800 అయినా డీజిల్ జీపు అయినా, లోపల తిరిగే నీళ్ళు 80 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండాలి. అది నార్మల్. ట్రాఫిక్‌లో ఏసీ వేసుకోని నిలబడితే ఇంకో నాలుగైదు డిగ్రీలు ఎక్కతది, ఫ్యాన్ తిరగతది, మళ్ళీ దిగతది. కరెంటు ఫ్యాన్ ఉండే కార్లలో చాలావాటికి ఆ ఫ్యాన్ ఆన్ అయ్యేదే 95 దాటే టైములో. ఇప్పుడు కుర్రోళ్ళు ఒక చిన్న బ్లూటూత్ స్కానర్ కొని స్టీరింగ్ కింద గుచ్చి ఫోన్లో అంకెలు చూసుకుంటా ఉంటారు, 97 కనపడంగానే రాత్రి పదకొండు గంటలకి నాకు ఫోను. అయ్యా, 97 దగ్గర ఏం కాదు, పడుకో. 105 దాటి ఇంకా ఎక్కతా పోతా ఉంటే అప్పుడు చెయ్యి.

నీళ్ళు 100కే మరుగుతాయి కదా మేస్త్రీ అంటారు. బయట గిన్నెలో మరుగుతాయి. రేడియేటర్ మూత ఉంది చూడండి, దాని మీద 0.9 అనో 1.1 అనో ఉంటది, ఎప్పుడన్నా చదివినారా? అది ప్రెషరు లెక్క. ఇంట్లో కుక్కర్ వెయిట్ ఎట్టనో అది అట్ట. 0.9 మూత గట్టిగా పట్టుకోని ఉంటే వట్టి నీళ్ళు కూడా 118, 119 డిగ్రీల దాకా మరగవు. కూలెంట్, అంటే రేడియేటర్ నీళ్ళల్లో కలిపే మందు, కలిపి ఉంటే ఇంకా పైకి పోతది. అదే మూతకి రబ్బరు ఎండిపోయి స్ప్రింగు లూజయిందనుకోండి, 100కే మరిగి పొంగి రోడ్డు మీద కక్కతది, మీరు ఇంజన్ పోయిందంటారు. పోయింది మూత. ఇంత చిన్న మూత మార్చకుండా ఇంజన్ దించేసిన వాళ్ళని చూసినా నేను.

ఇంకోటి, పాత బండి మీటర్‌ని దేవుడి మాట లాగా నమ్మొద్దు. దాంట్లో అంకెలు కూడా ఉండవు, చల్లన అని సీ, వేడి అని హెచ్, అంతే. సెన్సర్ వైరు తెగితే ముల్లు కిందనే పడుంటది. ఆ వైరు బాడీకి తగిలితే హెచ్ దాటి కొట్టుకుంటది, ఇంజన్ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా ఉంటది. కొన్ని పాత బండ్లలో మీటర్ల వెనకాల వోల్టేజి స్టెబిలైజర్ ఒకటి ఉంటది, అది పోతే పెట్రోలు ముల్లు, హీటు ముల్లు రెండూ ఒకేసారి పైకి లేస్తాయి. టాంకులో పెట్రోలు పోయించకుండానే హీటుతో పాటు పెట్రోలు ముల్లు కూడా లేస్తే ఎవరికన్నా అనుమానం రావాలి కదా! అన్నిటికన్నా మోసం ఏందంటే, నీళ్ళు మొత్తం కారిపోతే సెన్సర్‌కి తగిలేది గాలి, అప్పుడు ముల్లు కిందికి దిగతది. డ్రైవరు అమ్మయ్య చల్లబడింది అనుకుంటాడు. లోపల హెడ్డు, అంటే ఇంజన్ పైభాగం, కాలిపోతా ఉంటది.

సరే ఇప్పుడు నా కడుపుమంట. నిజానికి నేను మైకు తీసుకున్నదే దీనికోసం.

థర్మోస్టాట్ వాల్వ్. ఇంజన్‌లో పైన నీళ్ళు బయటికొచ్చే చోట కూర్చోని ఉంటది, లోపల మైనం ఉంటది దానికి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు మూసుకోనుంటది, నీళ్ళని రేడియేటర్‌కి పోనియ్యదు. 82 డిగ్రీలకో 88కో, బండిని బట్టి, మైనం కరిగి ఉబ్బి వాల్వ్ తెరుచుకుంటది. దాని పని అంతే. మన చుట్టుపక్కల షెడ్లలో పాత బండి ఏది హీటెక్కినా మొదట చేసేది ఏంది? దాన్ని పీకి డ్రైనేజీలో పారెయ్యడం. "మన ఎండలకి ఇది అవసరం లా అన్నా, చలి దేశాలోళ్ళకి." ఈ మాట ఎవరు మొదలుపెట్టారో గాని, నెల్లూరు నుంచి ఒంగోలు దాకా ప్రతి షెడ్డులోనూ ఇదే మాట. బయట 42 డిగ్రీలు ఉంటే ఏంది, ఇంజన్‌కి కావాల్సింది 85! 42కీ 85కీ తేడా లేదా? కౌన్సిలరమ్మా, మీరు టీచరు చేసినారు కదా, మీరే చెప్పండి.

ఒకాయన ఉన్నాడు, ఉదయగిరి వైపు రైతు, ఊరు పేరు చెప్పను. పాత డీజిల్ జీపు. ఒకసారి ఎండాకాలంలో హీటెక్కిందని ఒక షెడ్డుకి తీసుకుపోతే, షెడ్డు పేరు కూడా చెప్పను, ఇక్కడ వాళ్ళ చుట్టాలు ఉండారు, వాల్వ్ పీకేసి వంద రూపాయలు తీసుకోని పంపించారు. శీతాకాలం అంతా ముల్లు లేవనే లేదు, ఆయనకి మహా సంతోషం, బండి చల్లగా ఉండాదని. డీజిల్ ఎక్కువ తాగతా ఉంది, పొద్దున పూట తెల్ల పొగ, ఆయిల్ మూత తీస్తే లోపల మీగడ లాగా తెల్లటి జిగురు. ఇంజన్ 60 డిగ్రీల దగ్గరే తిరగతా ఉంటే అదే అవతది, డీజిల్ సరిగ్గా కాలదు, ఆయిల్లో చేరిన తేమ ఆవిరైపోదు, ఇంజన్ లోపల పిస్టన్ తిరిగే లైనర్లూ, పిస్టన్ రింగులూ తొందరగా అరుగుతాయి. ఆ అరుగుడు ఎవరికీ కనపడదు. హీటెక్కినప్పటి లాగా రోడ్డు మీద నీళ్ళు కక్కదు కాబట్టి ఎవరూ భయపడరు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. పెంచలకోనలో వాళ్ళ అన్న కొడుకు పెళ్ళి, మే నెల ముహూర్తం, జీపులో ఎంతమంది పట్టాలో దానికి రెట్టింపు ఎక్కారు. ఆత్మకూరు దాటినాక నీళ్ళు కక్కింది. వాల్వ్ లేదు కదా, మరి ఎందుకు హీటెక్కింది? అసలు దొంగ మొదట్నుంచీ రేడియేటర్. ఏండ్ల తరబడి బోరు నీళ్ళు పోసి పోసి లోపల గొట్టాలకి సున్నం పట్టి సగం మూసుకుపోయింది. ఉదయగిరి, పామూరు, కనిగిరి వైపు బోరు నీళ్ళు ఎట్టుంటాయో తెలుసు కదా, బిందె అడుగున తెల్లగా పట్టే సున్నం రేడియేటర్లో పట్టదా? పైగా కొన్ని ఇంజన్లలో వాల్వ్ తెరుచుకున్నప్పుడు దాని అడుగున ఉండే రేకు బైపాస్ దారిని మూస్తది. వాల్వ్ పీకేస్తే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటది, వేడినీళ్ళలో కొన్ని రేడియేటర్‌కి పోకుండా తిరిగి ఇంజన్లోకే పోతాయి. కొందరు మేస్త్రీలు నీళ్ళు స్పీడుగా పోతే చల్లబడవు అని చెప్తారు, అది కాదు సంగతి, ఇది.

అప్పుడు ఏం చేసినారు? జీపు ఆగింది, పెళ్ళికొడుకు తమ్ముడు, ఇంటర్ పిల్లోడు, తువ్వాలు వేసి మూత తిప్పినాడు. ప్రెషరుతో ఉన్న వేడినీళ్ళు ఒక్కసారిగా ఆవిరయి మొహం మీద, చెయ్యి మీద కొట్టినాయి. పిల్లోడు ఆసుపత్రిలో, ఇంకొకాయన తొందరపడి కాలే ఇంజన్లో చల్లటి నీళ్ళు బిందెతో పోసినాడు, హెడ్డు చీలిక ఇచ్చింది. పెళ్ళోళ్ళు బస్సెక్కి పోయినారు. వాల్వ్ ఖరీదు ఎంత, రేడియేటర్ రాడ్డింగ్, అంటే గొట్టాల్లో కడ్డీ పెట్టి సున్నం గీకించే పని, చేయించుకునే కూలి ఎంత, ఆ పిల్లోడి చెయ్యి మీద మచ్చ ఖరీదు ఎంత? నాకు కోపం వస్తదా రాదా చెప్పండి. ఆ జీపు నా దగ్గరికే వచ్చింది, హెడ్డు తీసి చూపిస్తే ఆయన మాట్లాడలా.

నవ్వొద్దు వెనకాల. నీ బండిలో వాల్వ్ ఉందా? చూసినావా ఎప్పుడన్నా? బండి స్టార్ట్ చేసి పై హోస్ పైపు మీద చెయ్యి పెట్టు. మొదట చల్లగా ఉండి, కొన్ని నిమిషాల తర్వాత ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటి నిమిషం నుంచే నిదానంగా గోరువెచ్చగా అవతా ఉంటే వాల్వ్ లేనట్టు, లేకపోతే తెరుచుకోని ఇరుక్కున్నట్టు. ఫ్యాన్ దగ్గర మాత్రం చెయ్యి జాగ్రత్త, చొక్కా చేతులు మడుచుకో. వాల్వ్ మంచిదా కాదా అంటే పీకి పారెయ్యక్కర్లా, గిన్నెలో నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టి దారంతో వేలాడదీస్తే మరిగేలోపల తెరుచుకోవాలి, చల్లారితే మూసుకోవాలి. మా ఆవిడ గిన్నెలో చేసి తిట్లు తిన్నా, మీరు పాత గిన్నె వాడండి.

ప్రెసిడెంట్ అన్న వాచీ చూస్తా ఉండాడు. అయిపోతది అన్నా, నీ బండి గురించే చెప్తా.

హీటెక్కడం కూడా ఎప్పుడు ఎక్కతా ఉందో చూసుకోవాల. టోల్‌గేట్ క్యూలోనో రైల్వే గేటు దగ్గరో నిలబడినప్పుడు ఎక్కి, కదిలితే దిగతా ఉంటే ఫ్యాన్ చూడండి, ఫ్యూజు, రిలే, బెల్టు, జీపులకయితే ఫ్యాన్ కప్లింగ్. హైవే మీద తొంభైలో పోయేటప్పుడు గాలే చాలు, ఫ్యాన్‌తో పన్లేదు, అప్పుడు ఎక్కతా ఉంటే రేడియేటర్ మూసుకుపోయింది, లేకపోతే వాటర్ పంప్. ముట్టుకోకుండా వేడి కొలిచే టెంపరేచర్ గన్ ఒకటి ఉంటే రేడియేటర్ మీద అక్కడక్కడా పెట్టి చూడండి, మధ్యలో ఒక ముక్క మాత్రం చల్లగా ఉంటే అక్కడ నీళ్ళు తిరగడం లేదని. పొద్దున చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయంగానే రేడియేటర్లో బుడగలు బుడగలుగా వస్తా ఉంటే హెడ్డు కింద ఉండే గ్యాస్కెట్ పోయినట్టు, దాన్ని మాత్రం వాయిదా వెయ్యొద్దు.

దారిలో ముల్లు పైకి పోతే ఏసీ ఆపండి, హీటరు ఉంటే ఫుల్లుగా వేసి అద్దాలు దించండి, చెమట పడతది గాని ఇంజన్ వేడి కొంత లాగతది. అయినా దిగకపోతే పక్కకి తీసి ఆపెయ్యండి. మూత ముట్టుకోవద్దు. అరగంట, ముప్పావుగంట ఈ చలివేంద్రంలో కూర్చోని మజ్జిగ తాగండి, ఇది అందుకే. పై పైపు పిసికితే మెత్తగా ఉండాల, చెయ్యి పెడితే కాలకూడదు, అప్పుడు మూత.

నీళ్ళ సంగతి. బోరు నీళ్ళు వద్దు, కుండ నీళ్ళు వద్దు, మున్సిపల్ నీళ్ళు కూడా ప్రాణం మీదికొస్తేనే. బ్యాటరీకి వాడే డిస్టిల్డ్ వాటర్ సగం, కూలెంట్ సగం. మనకి గడ్డకట్టే చలి లేదు కదా కూలెంట్ ఎందుకు అంటారు, తుప్పు పట్టకుండా, పంపు చెడిపోకుండా, ఇంకా మరిగే డిగ్రీ పెంచడానికి. పచ్చది, ఎర్రది, రంగు చూసి కొనొద్దు, రంగుకి ఒక పద్ధతి లేదు, డబ్బా మీద రాసింది చదివి ఒకటే రకం వాడండి, రెండు రకాలు కలిపితే కొన్నిసార్లు జిగురు కడతది. అది విషం, తియ్యగా ఉంటది, మిగిలింది నీళ్ళ బాటిల్లో పోసి సీటు కింద పెట్టొద్దు, పిల్లకాయలు తాగతారు. ఇక్కడ స్టాండులో ఒక కుక్క ఉండాది కదా, దానికి అందేట్టు కింద పారబొయ్యొద్దు.

వాల్వ్ పీకేసిన బండ్లు ఎన్ని ఉండాయో చేతులెత్తండి. అబ్బో. దించండి దించండి. ఈ ఆదివారం షెడ్డు తెరిచి పెడతా, చూసినందుకు డబ్బులొద్దు, వాల్వ్ మాత్రం మీరే కొనుక్కోవాల. బండి శనివారం రాత్రే తెచ్చి పెట్టి తాళం ఇచ్చిపొండి. పొద్దున తోలుకోనొస్తే వేడిమీద ఉంటది, చల్లారేదాకా నేను మూత తియ్యను.