చలికాలంలో గైడుతో చేపల వేట: గ్రేట్ ఊజ్ ఒడ్డున పిల్లలతో ఒక రోజు | రివ్యూ

నమస్కారం. జనవరిలో ఒక శనివారం, మా పద్నాలుగేళ్ల అమ్మాయినీ పదేళ్ల అబ్బాయినీ వెంటబెట్టుకొని, ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్‌లో గ్రేట్ ఊజ్ నది ఒడ్డున ఒక గైడు నిర్వహించే చేపల వేటకు వెళ్లి వచ్చాను. మాతోపాటు మరో ఇద్దరు పెద్దవాళ్లు ఉన్నారు. రుసుము మేమే చెల్లించాము, ఈ వీడియో చేయమని మమ్మల్ని ఎవరూ కోరలేదు. ఇందులో గైడు పేరు చెప్పను, ఆయన పనితీరు గురించి మాత్రమే మాట్లాడతాను.

సాల్మన్, ట్రౌట్ జాతులను మినహాయించి మంచినీటిలో ఉండే రోచ్, పెర్చ్, చబ్, బ్రీమ్, పైక్ వంటి చేపలను గాలంతో పట్టడాన్ని ఇక్కడ కోర్స్ ఫిషింగ్ అంటారు. పట్టిన చేపను దాదాపు ఎప్పుడూ తిరిగి నీటిలోకే వదిలిపెడతారు. ఈ సంగతి ఫోనులో చెబితే మా నాన్నగారు "మరి పట్టడం ఎందుకురా?" అని అడిగారు. కాబట్టి పులుసు మీద ఆశ పెట్టుకొని వెళ్లేవారికి ఈ యాత్ర పనికిరాదు.

ఉదయం ఎనిమిదిన్నరకు పెద్దవాళ్లం ముందుగా చేరేసరికి ఒడ్డున గడ్డి మీద మంచు గడ్డకట్టి ఉంది. గైడు గారు గాలాలు బయటకు తీయకముందే ఒక థర్మామీటరును దారానికి కట్టి నీటిలోకి దించారు. ఐదు డిగ్రీలు చూపించింది. నీరు ఎంత చల్లగా ఉందన్నదానికంటే, మూడు నాలుగు రోజులుగా అదే ఉష్ణోగ్రత నిలకడగా ఉందా లేక నిన్న రాత్రే ఒక్కసారిగా పడిపోయిందా అన్నదే ముఖ్యమని ఆయన వివరించారు. చేప శరీరపు వేడి నీటిని బట్టే ఉంటుంది కనుక, నీరు చల్లబడేకొద్దీ దాని జీర్ణక్రియ మందగించి ఆకలి తగ్గుతుంది. టెంచ్ చలికాలంలో దాదాపు కదలదు, కార్ప్ అరుదుగా తింటుంది, చబ్ మాత్రం ఇంత చలిలోనూ ఎర అందుకుంటుంది. మిగిలిన చేపలు ప్రవాహం నెమ్మదిగా ఉండే లోతైన చోట గుంపుగా చేరతాయి. అలాంటి చోటు తెలియనివారు రోజంతా ఖాళీ నీటిలో గాలం వేసుకొని కూర్చోవలసి వస్తుంది. చలికాలంలో గైడుకు ఇచ్చే డబ్బులో సగం ఆ చోటు చూపినందుకే అని నా అభిప్రాయం.

నాకు బాగా నచ్చినది ఆయన వేళలను విభజించిన తీరు. పెద్దవాళ్లకు ఉదయం నుంచి పొద్దుగూకేదాకా, అంటే సాయంత్రం నాలుగు దాటేవరకు వేట ఉంటుంది. పిల్లలకు మాత్రం ఎండ కాస్త వెచ్చగా ఉండే పదకొండు నుంచి రెండు గంటల వరకే. అందుకే మా ఆవిడ పిల్లలను పదకొండుకు తీసుకువచ్చి దింపి వెళ్లింది. ఒడ్డుకు దిగకముందే ఇద్దరికీ లైఫ్ జాకెట్లు తొడిగారు. మా అబ్బాయికి రీలు లేని నాలుగు మీటర్ల తేలికపాటి కర్ర, సన్నని బెండు, చిన్న కొక్కెం, ఎరగా ఒకే ఒక్క మాగట్ ఇచ్చారు. మాగట్ అంటే ఈగ పురుగు. మొదట వాడు దానిని ముట్టుకోనన్నాడు, అరగంటలో డబ్బా మొత్తం తన దగ్గరే పెట్టుకున్నాడు. బెండు నెమలి ఈక కాడతో చేసినది కావడం చూసి నాకు మా ఊరి చెరువు గుర్తుకు వచ్చింది. దారానికి నొక్కే గుళ్లు సీసంతో చేసినవి కావు, ఎందుకంటే హంసలు వాటిని మింగి చనిపోతున్నాయని 1987లోనే ఇక్కడ సీసపు గుళ్ల అమ్మకాన్ని నిషేధించారు.

వాడికి నాలుగు చిన్న రోచ్ చేపలు పడ్డాయి. అమ్మాయి వానపాము ఎరతో ఒక పెర్చ్‌ను పట్టింది. ఆ చేప వీపు ముళ్లు గుచ్చుకోకుండా ఎలా పట్టుకోవాలో, చేతులు తడుపుకొని ముల్లు లేని కొక్కేన్ని నెమ్మదిగా ఎలా తీయాలో, మంచు పట్టిన గడ్డి మీద చేపను ఎందుకు పడుకోబెట్టకూడదో ఆయన ఆమె చేతనే చేయించి నేర్పారు. పిల్లలను ఒకేచోట నలభై నిమిషాలకు మించి కూర్చోనివ్వలేదు. లేపి, నడిపించి, వేడి సూపు తాగించి, తిరిగి మరోచోట కూర్చోబెట్టారు. రెండు గంటలకు "ఇంకొక్కసారి" అని మా అబ్బాయి బతిమాలుతుండగానే ఆట ముగించారు. విసుగు పుట్టేదాకా ఉంచితే వీడు మళ్లీ రాడని ఆ తరువాత నాతో అన్నారు.

పెద్దల విషయంలో ఆయన పద్ధతి పూర్తిగా వేరు. మాటలు తక్కువ, నడక ఎక్కువ. ఎరగా బ్రెడ్డు ముక్కలు, చీజ్ ముద్ద పట్టుకొని ఒక్కొక్క మలుపు దగ్గర ఇరవై నిమిషాలు చూసి ముందుకు సాగడమే. ముందుగా చల్లే మేత కూడా పిడికెడే, ఎక్కువ చల్లితే అసలే ఆకలి తక్కువగా ఉన్న చేప దానితోనే కడుపు నింపుకుంటుంది. నాకు మూడున్నర వరకు ఏమీ పడలేదు. వెలుగు తగ్గుతుండగా రాడ్డు కొన రెండుసార్లు వణికి వంగింది. సుమారు కిలోన్నర చబ్. మిగిలిన ఇద్దరిలో ఒకరికి ఒక్క చేప కూడా పడలేదు, ఆయన ముఖంలో అసంతృప్తి కనిపించింది. అది అన్యాయమని నేను అనుకోను. చలికాలంలో ఒక్క చేప కూడా పడకపోవచ్చని బుకింగ్ సమయంలోనే గట్టిగా చెప్పి ఉండవలసింది.

అసలు లోపాలన్నీ ఆ బుకింగ్ దగ్గరే ఉన్నాయి. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల వెంట తల్లో తండ్రో ఉండాలన్నది వారి నియమం. మరి రెండు గంటలకు పిల్లల వేట ముగిస్తే, రోజంతటికీ రుసుము కట్టిన తండ్రి, చబ్ పడే ఆ ఆఖరి గంటను వదులుకొని ఇంటికి వెళ్లాలా? మా ఆవిడ తిరిగి వచ్చి పిల్లలను తీసుకువెళ్లింది కనుక నాకు గడిచింది. ఈ సంగతి ముందుగా ఎక్కడా రాయలేదు. దగ్గరలో మరుగుదొడ్డి లేదన్న విషయం కూడా అక్కడికి వెళ్లాకే తెలిసింది, అమ్మాయిలను తీసుకువెళ్లేవారికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

రాడ్ లైసెన్సు, అంటే ఇక్కడ గాలంతో చేపలు పట్టడానికి చట్టప్రకారం ఉండవలసిన అనుమతి, గైడు రుసుములో కలిసి ఉంటుందని కూడా అనుకోకండి. పదమూడేళ్లు నిండనివారికి అది అక్కరలేదు. పదమూడు నుంచి పదహారేళ్లవారికి ఉచితమే అయినా పేరు నమోదు చేసుకొని తీసుకోవాలి. ఆపై వయసువారు కొనుక్కోవాలి. లేకుండా పట్టుబడితే జరిమానా 2,500 పౌండ్ల దాకా ఉండవచ్చు. మా అమ్మాయి లైసెన్సు నేను ముందురోజు రాత్రి ఊరికే అనుమానం వచ్చి తీసుకున్నదే. పిల్లల వెంట ఉండే గైడును డీబీఎస్ తనిఖీ పత్రం (నేర చరిత్రను పరిశీలించి ఇచ్చేది), కోచింగ్ అర్హత చూపించమని అడగడానికి మొహమాటపడకండి. ఈయన అడగగానే చూపించారు.

ఇక వెళ్లదలచినవారికి, ఇంగ్లండు నదుల్లో ఈ వేట మార్చి 14తో ఆగిపోతుంది, మళ్లీ జూన్ 16నే మొదలవుతుంది. నేను ఫిబ్రవరి ఆఖరి వారానికి మరోసారి బుక్ చేసుకున్నాను, ఈసారి పిల్లలకు మధ్యాహ్నం వరకు, నాకు ఒక్కడికే సాయంత్రం వరకు అని విడివిడిగా రాయించుకొని.