గవ్వకు సున్నం కరువైతే

అందరికీ నమస్కారం. ఈ గ్లాసులో ఉన్నది సున్నపు తేట. తాంబూలంలో వేసుకునే సున్నమే. రాత్రి నీళ్లలో కలిపి, పొద్దున పైన తేరినది వంచుకుని తెచ్చాను. స్ట్రాతో ఇందులోకి ఊపిరి ఊదుతున్నాను. పాలలా తెల్లబడింది, చూశారు కదా? నా ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ సున్నంతో కలిసి కాల్షియం కార్బొనేట్ అయింది. గవ్వలు, ఆలుచిప్పలు, పగడపు దిబ్బలు అన్నీ దానితో కట్టుకున్నవే. బడిలో ప్రయోగం ఇక్కడితో ఆపేస్తారు. బాబూ, నువ్వు ఈ కొత్త స్ట్రాతో ఊదుతూనే ఉండు. పీల్చకు సుమా!

మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు నాలుగో వంతు సముద్రంలోకి చేరుతోంది. నీటిలో అది కార్బానిక్ ఆమ్లమవుతుంది. గోళీ సోడా నాలుకకు చురుక్కుమని తగలడంలో దీనికీ పాత్ర ఉంది. ఆ ఆమ్లం విడిచే హైడ్రోజన్ అయాన్లు నీటిలోని కార్బొనేట్‌ను పట్టుకుని బైకార్బొనేట్‌గా మార్చేస్తాయి. చిప్ప కట్టుకునే జీవికి ఇటుకల్లాంటి ఆ కార్బొనేట్ దొరకడం కష్టమవుతుంది.

పారిశ్రామిక విప్లవానికి ముందు గాలిలో ఈ వాయువు పది లక్షల పాళ్లకు 280 పాళ్లు ఉండేది. ఇప్పుడు 420 దాటింది. నీరు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె పీహెచ్: 7 కంటే ఎక్కువైతే క్షారం, తక్కువైతే ఆమ్లం. సముద్రపు పైపొర పీహెచ్ సుమారు 8.2 నుంచి 8.1కి దిగింది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఇది భూకంపాలను కొలిచే రిక్టర్ స్కేలు లాంటి లెక్క, ఒక్క అంకె మారితే పది రెట్లు తేడా: 0.1 తగ్గితే హైడ్రోజన్ అయాన్లు పావు వంతు పెరిగినట్టు. అలాగని సముద్రం ఆమ్లమైపోయిందని రాయడం తప్పు. 8.1 అంటే ఇంకా క్షారమే. గవ్వకు చిక్కు రావడానికి నీరు పుల్లబడేదాకా ఆగనక్కర్లేదు, అంతే.

అమెరికాలోని ఒరెగాన్ తీరంలో, నెటార్ట్స్ అఖాతం ఒడ్డున విస్కీ క్రీక్ అనే ఆలుచిప్పల హేచరీ, అంటే గుడ్ల నుంచి పిల్లలను పెంచే కేంద్రం, ఉంది. 2007, 2008లో అక్కడ లార్వాలు, అంటే అప్పుడే పుట్టిన పిల్లలు, తొట్లకు తొట్లే చచ్చిపోయాయి. రొయ్యల హేచరీ నడిపినవారిలాగే వాళ్లూ మొదట బాక్టీరియానే అనుమానించారు. వాటిని వదిలించుకున్నా చావులు ఆగలేదు. వేసవి గాలులకు అడుగు నుంచి చల్లని నీరు పైకొచ్చినప్పుడే నష్టం ఎక్కువని తరవాత తేలింది. ఆ లోతు నీటిలో కార్బన్ డయాక్సైడ్ సహజంగానే ఎక్కువ. దానికి మన వాటా తోడైంది. ఆలుచిప్ప లార్వా పుట్టిన రెండు రోజుల్లోనే, గుడ్డుతో తెచ్చుకున్న సత్తువతోనే తొలి చిప్ప కట్టుకోవాలి. నీరు ఎదురు తిరిగితే ఆ సత్తువ చాలదు.

అప్పటి నుంచి తొట్లలోకి వచ్చే నీటిలో సోడియం కార్బొనేట్ కలుపుతున్నారు, మనం బట్టలుతికే సోడా జాతిదే. నాచు, సముద్రపు గడ్డి పగలంతా కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటాయి కనుక మధ్యాహ్నం దాటాక నీరు తోడుకోవడం కూడా నేర్చుకున్నారు. తొట్టికి ఈ వైద్యం సరిపోయింది. తొట్టి బయట ఉన్న ఆలుచిప్పలకు సోడా కలిపేవారు లేరు.

బాబూ, ఊదింది చాలు. గ్లాసు పైకెత్తు. తెలుపు విరిగి తేటపడుతోంది. అందులోని కాల్షియం కార్బొనేట్ నీ ఊపిరికే బైకార్బొనేట్ అయి కరిగిపోతోంది. వెనక వరుసలవారు దగ్గరికొచ్చి చూడండి.