తాలింపు పెట్టినప్పుడు మీటరు ఏం చెప్పింది

అందరికీ నమస్కారం. ఆదివారం పూట పనులు మానుకుని కమ్యూనిటీ హాలుకి వచ్చారు, సంతోషం.

గాలి కాలుష్యం అనగానే మనకు రోడ్డే గుర్తొస్తుంది. నాకూ అంతే. కిందటి చలికాలం మా అమ్మకి రాత్రిళ్లు దగ్గు ఆగక, మందులు మార్చినా తగ్గక, ఇంట్లో గాలి ఎలా ఉందో చూద్దామని అరచేతిలో పట్టే ఈ మీటరు కొన్నాను. ఇది పీఎం 2.5 చూపిస్తుంది. అంటే వెంట్రుక మందంలో పాతికో వంతు కూడా ఉండని ధూళి. ముక్కులో ఆగదు, ఊపిరితిత్తుల లోతుకి వెళ్లిపోతుంది. ఘనపు మీటరు గాలిలో 24 గంటల సగటు 15 మైక్రోగ్రాములు దాటకూడదని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మన దేశం పెట్టుకున్న హద్దు 60.

ఆ రోజు వంటింట్లో 42 ఉంది. అమ్మ పప్పుకి తాలింపు పెట్టింది. ఆవాలు చిటపటలాడి, ఎండుమిర్చి నల్లబడేలోపే 300 దాటింది! ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఉంది కానీ చప్పుడని వేసేవాళ్లం కాదు. మర్నాడు పొయ్యి వెలిగించకముందే ఫ్యాన్ వేసి, బాల్కనీ తలుపు తీసి అదే తాలింపు పెడితే 110 దగ్గర ఆగింది. తలుపు ఎందుకంటే, లోపలికి గాలి వచ్చే దారి లేకపోతే ఫ్యాన్ మాత్రం దేన్ని బయటికి పంపుతుంది? వంటయ్యాక కూడా ఓ పావుగంట తిరగనివ్వండి. మీటరుని పొయ్యి పక్కనే పెట్టకండి, కుక్కర్ ఆవిరిని కూడా ధూళి కింద లెక్కేస్తుంది.

అసలు సంగతి రాత్రి తెలిసింది. అమ్మ మంచం కింద దోమల కాయిల్. ఒక్క కాయిల్ నుంచి వచ్చే సన్నటి ధూళి 75 నుంచి 137 సిగరెట్లతో సమానమని 2003లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. ఇన్నేళ్లూ అమ్మ తల దగ్గర దాన్ని వెలిగించింది నేనే. దోమతెర కట్టాం. దగ్గు తగ్గింది. కాయిల్ ఒక్కటే కారణమని నేను అనలేను గానీ, మళ్లీ ఇంట్లోకి రానివ్వలేదు.

ఇంకొకటి, ఏసీ. మన గోడలకున్న స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయట గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో 420 పైచిలుకు. ముగ్గురం తలుపులేసుకుని పడుకున్న గదిలో తెల్లారేసరికి అది 2,000 దాటిందని ఈ మీటరే చూపించింది. గదిలో అది 1,000 మించకూడదని జర్మనీలో పెట్టెన్‌కోఫర్ అనే శాస్త్రవేత్త 1858లోనే చెప్పాడు. మించిందంటే ఒకరు వదిలిన ఊపిరే ఇంకొకరు పీలుస్తున్నారన్నమాట. ఇప్పుడు మేము కిటికీ రెండు వేళ్ల సందు తీసి పడుకుంటున్నాం. దీపావళి రాత్రి మాత్రం మూసేస్తాం, బయట పొగ అంతకన్నా ఎక్కువ కాబట్టి.

ఈ మీటరు వారానికో ఫ్లాటుకి ఇస్తాను. మొదట మాత్రం సెల్లార్‌లో వాచ్‌మన్ వాళ్ల గదికి ఇద్దాం. పొయ్యి, మంచం, పిల్లల పుస్తకాలు అన్నీ ఆ ఒక్క గదిలోనే. కిటికీ లేదు. గోడకి కన్నం కొట్టించి ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించే ఖర్చు ఈ నెల మెయింటెనెన్స్ డబ్బుల్లోంచి ఇప్పించమని సెక్రటరీ గారిని మీ అందరి ముందూ అడుగుతున్నాను.