కొండ కింద నుంచి పడవ ప్రయాణం: లావోస్‌లోని కోంగ్ లోర్ గుహ

తెర నల్లగా ఉందని ఫోను పాడైందేమో అనుకోకండి. మనం లావోస్‌లో, ఖమ్మువాన్ రాష్ట్రంలోని కోంగ్ లోర్ గుహలో ఉన్నాం. హిన్‌బున్ నది ఒక పక్క కొండలోకి దూరి, సుమారు 7 కిలోమీటర్లు చీకట్లో ప్రవహించి, రెండో పక్క బయటపడుతుంది. మన పడవా ఆ దారినే వెళుతోంది.

సన్నటి చెక్క పడవ ఇది. ఇద్దరు ముగ్గురికి మించి ఎక్కించుకోరు. వెనక మోటారు దగ్గర ఒకరు, ముందు దారి చూసేందుకు ఇంకొకరు. నీరు తక్కువైన చోట దిగమని సైగ చేస్తారు. మనం గులకరాళ్ల మీద తడబడుతూ నడుస్తుంటే వాళ్లు పడవను లాక్కొస్తారు. అందుకని వెనక పట్టీ ఉన్న చెప్పులు వేసుకోండి. హవాయి చెప్పులైతే ఒకటి నదికి, ఒకటి మీకు!

తలకు కట్టుకున్న లైటు పైకి ఎత్తితే ఒక్కోచోట వెలుగు పైకప్పును అందుకోదు. అక్కడ ఎత్తు దాదాపు 100 మీటర్లు. ఇంత ఖాళీని చేసింది నీరే. వాన నీరు మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త పుల్లబడుతుంది, సున్నపురాయిని కరిగిస్తుంది. పగుళ్లు పెద్దవవుతాయి. నదికి సందు దొరికాక ఇక ఆపేదెవరు?

మధ్యలో పడవ దిగి కొంత దూరం నడవాలి. ఇదిగో, పైకప్పు నుంచి వేలాడుతున్న ఈ సన్నటి రాతి గొట్టాన్ని దగ్గరగా చూడండి. లోపల బోలు. నీరు అందులోంచే దిగి కొన దగ్గర చుక్కగా ఆగింది. ఆ చుక్క కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదిలేయగానే అంచున రవ్వంత సున్నం మిగులుతుంది, గొట్టం పెరిగేది అలాగే. ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటితే సున్నం సరిగ్గా పేరుకోదు. ఇక ఈ రంగురంగుల దీపాలంటారా, నాకు నచ్చలేదు. పెళ్లి పందిరిలో నిలబడ్డట్టుంది. చీకట్లో మోటారు చప్పుడు గోడల మీద నుంచి తిరిగొస్తుంటే వెళ్లడమే నాకు ఇష్టం.

అవతల ఒక్కసారిగా ఎండ, పచ్చటి లోయ. అక్కడి ఊళ్లవాళ్లకు ఇది వింత కాదు, సరుకులు తెచ్చుకునే దారి. కాసేపు ఆగి, వచ్చిన దారినే వెనక్కి వస్తాం.

వానాకాలంలో నది మరీ పొంగితే పడవలు ఆపేస్తారు, ముందే కనుక్కోండి. పడవ రుసుము మనిషికి కాదు, పడవకు. ఒంటరిగా వెళ్లినవారు టికెట్ల దగ్గర కాస్త ఆగితే పంచుకోవడానికి ఎవరో ఒకరు దొరుకుతారు.