పుప్పొడి సాక్ష్యం: మట్టి పొరల్లో పాత వానకాలాలు

అధ్యక్షులకు, వేదికపైనున్న పెద్దలకు, సభకు నమస్కారం.

మన దేశంలో వానను కొలిచి రాసిపెట్టడం మొదలై రెండు వందల ఏళ్లు దాటింది. అంతకుముందు కాలానికి శాసనాల్లోని కరవుల ప్రస్తావనలు కొంతవరకు పనికొస్తాయి. నాలుగు వేలు, పది వేల ఏళ్లు వెనక్కి వెళ్లాలంటే ఆ ఆసరా కూడా ఉండదు. అంత పాత కాలం గురించి చెప్పగల సాక్షుల్లో పుప్పొడి ఒకటి. ఈ సాక్షి ఏం చెప్పగలదో, ఏం చెప్పలేదో రెండూ కలిపి ఈ రోజు మీ ముందు ఉంచదలచుకున్నాను. పుప్పొడి చెప్పేది ఒకప్పుడు చుట్టుపక్కల ఏ మొక్కలు ఉండేవన్న సంగతి. వాన ఎంత కురిసిందన్నది దాని ఆధారంగా మనం కట్టుకునే లెక్క. ఈ తేడా మరచిన ప్రతిచోటా ఈ రంగంలో వివాదం రేగింది.

పుప్పొడి రేణువు ఎక్కువగా 10 నుంచి 100 మైక్రాన్ల మధ్య ఉంటుంది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). లోపలి జీవపదార్థం త్వరలోనే కుళ్లిపోతుంది గానీ, పైపెంకు స్పోరోపొలెనిన్ అనే పదార్థంతో తయారైనది కాబట్టి ఆమ్లాలకు కూడా సులభంగా లొంగదు. దానికి ఉన్న శత్రువు ఆక్సిజన్. అందుకే ఏడాది పొడవునా నీరు నిలిచే సరస్సు అడుగు బురదలోనో, కుళ్లిన మొక్కలు పేరుకున్న చిత్తడి నేలల్లోనో పడిన రేణువు వేల ఏళ్లు చెక్కుచెదరకుండా ఉంటుంది. ఏటా ఎండి నెర్రెలు విచ్చే మట్టిలో పడినది మిగలదు. ప్రతి మొక్క కుటుంబానికీ పెంకు మీద తనదైన గుర్తు ఉంటుంది. నేరేడు కుటుంబం రేణువు ముక్కోణంగా కనిపిస్తుంది. తోటకూర కుటుంబం రేణువుకు చుట్టూరా చిల్లులుంటాయి, అచ్చం గోల్ఫ్ బంతిలాగా. పైన్ రేణువుకు రెండు గాలి సంచులు ఉంటాయి కాబట్టి అది వందల కిలోమీటర్లు ఎగిరిపోగలదు. గడ్డిజాతుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చిక్కు. అన్నిటికీ ఒకటే రంధ్రం, దాని చుట్టూ ఒక కట్టు. మెట్ట నేల గడ్డికీ పచ్చిక బయలు గడ్డికీ తేడా చెప్పడం మామూలు సూక్ష్మదర్శినితో అయ్యే పని కాదు.

ఈ రేణువులను పొరల వారీగా లెక్కపెట్టి, శాతాలుగా మార్చి, ఒక పటంలో కాలక్రమంలో చూపవచ్చని 1916లో స్వీడన్ భూశాస్త్రవేత్త లెన్నార్ట్ ఫాన్ పోస్ట్ నేటి ఓస్లో నగరంలో చేసిన ప్రసంగంలో నిరూపించారు. మన దేశంలో ఈ విద్యకు ప్రధాన కేంద్రం లక్నోలో 1946లో బీర్బల్ సాహ్ని నెలకొల్పిన సంస్థ.

ప్రయోగశాలలో జరిగే పని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఫలితాల మీద నమ్మకం కుదిరేదీ, సందేహం పుట్టేదీ అక్కడే. సరస్సు అడుగులోకి గొట్టం దించి నిలువుగా మట్టి స్తంభాన్ని తీస్తారు. దీన్ని కోర్ అంటారు. అందులో కొన్ని సెంటీమీటర్లకు ఒకచోట చొప్పున చిటికెడు మట్టి తీసుకుని, దానికి లైకోపోడియం అనే మొక్క సిద్ధబీజాలు లెక్కగా నింపిన మాత్రను కలుపుతారు. చివర లెక్కలో ఈ సిద్ధబీజాలు ఎన్ని కనబడ్డాయో చూస్తే మొదట మట్టిలో పుప్పొడి మొత్తం ఎంత ఉండేదో తేలుతుంది. తరువాత హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో సున్నాన్ని, హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఇసుకను కరిగిస్తారు. ఈ రెండోది గాజును కూడా తినేస్తుంది గనుక ప్లాస్టిక్ పాత్రలే వాడాలి. చర్మానికి తగిలితే చాలా ప్రమాదం. మిగిలిన చెత్తను వేరే ఆమ్లాల మిశ్రమంతో తొలగించాక అడుగున మిగిలేది ప్రధానంగా పుప్పొడి. అక్కడి నుంచి యంత్రం సాయం పెద్దగా లేదు. ఒక్కో పొరకు కనీసం రెండు మూడు వందల రేణువులను ఒక మనిషి కూర్చుని గుర్తుపట్టి లెక్కపెట్టాలి.

ఆ లెక్కలోనూ మెలకువ కావాలి. గాలికి పుప్పొడి వదిలే మొక్కలు విపరీతంగా వదులుతాయి. కీటకాల మీద ఆధారపడేవి పొదుపుగా ఉంటాయి. మన తంగేడునే చూడండి. దాని పరాగకోశాల కొనల్లో చిన్న రంధ్రాలుంటాయి. తుమ్మెద వచ్చి రెక్కల కండరాలతో అదిలిస్తేనే పుప్పొడి రాలుతుంది. గుట్టంతా తంగేడు పూసి పచ్చగా ఉన్నా పక్కనున్న చెరువు మట్టిలో దాని జాడ నామమాత్రంగానే ఉంటుంది. కాబట్టి మట్టిలో లేదంటే నేల మీద లేదని అర్థం కాదు. ఈ వ్యత్యాసం తెలుసుకోవడానికే ఇవాళ్టి అడవుల్లో నేల మీది నాచునూ, పైమట్టినీ సేకరించి, కళ్ల ముందున్న చెట్లతో పోల్చి చూస్తారు.

ఇప్పుడు రాజస్థాన్ ఉప్పు సరస్సుల కథకు వస్తాను. సాంభర్, డీడ్వానా, లూణకరణ్‌సర్ సరస్సుల అడుగు మట్టిని గుర్‌దీప్ సింగ్ పరిశీలించి 1971లోనూ, సహచరులతో కలిసి 1974లోనూ ఫలితాలు ప్రకటించారు. అడుగున ఇసుక, దానిపైన సరస్సు బురద, ఆ బురదలో మాచిపత్రి జాతి, జమ్ము, ఒక దశలో నేరేడు పుప్పొడి. ఇవాళ ముళ్లపొదలు తప్ప లేని చోట నేరేడు ఉండేదంటే వానలు బాగా పడి ఉండాలి. అంతవరకు వాదన గట్టిదే. సింగ్ మరో అడుగు వేసి, ఆ తడి కాలంలోనే సింధు నాగరికత విలసిల్లిందనీ, క్రీస్తుపూర్వం 1800 ప్రాంతంలో వానలు తగ్గి పొడి దశ రావడమే దాని క్షీణతకు కారణమనీ ప్రతిపాదించారు. చక్కని కథ కాబట్టి పాఠ్యపుస్తకాలదాకా వ్యాపించింది.

1999లో యెహౌదా ఎంజెల్, ఆయన సహచరులు లూణకరణ్‌సర్ మట్టికి మరింత దగ్గర దగ్గరగా రేడియోకార్బన్ కాలనిర్ణయం, అంటే అందులో మిగిలిన రేడియోధార్మిక కార్బన్‌ను బట్టి వయసు కట్టడం, చేశారు. సరస్సు పూర్తిగా ఎండిపోయినది దాదాపు 4,800 రేడియోకార్బన్ సంవత్సరాల కిందట అని, అంటే మామూలు ఏళ్లలో ఇంకా వెనక్కి జరిగి సుమారు 5,500 ఏళ్ల కిందట అని తేలింది. హరప్పా నగరాల ఉచ్ఛదశ దీనికి సుమారు వెయ్యేళ్ల తరువాత మొదలైంది. ఆ ప్రాంతంలో నగరాలు వెలసినది వానలు తగ్గిన తరువాతనే అన్నమాట. ఇక్కడ పుప్పొడి తప్పు చెప్పలేదు. నేరేడు నిజంగానే ఉండేది. ఎప్పుడు ఉండేదన్న ప్రశ్నకు జవాబు పుప్పొడి దగ్గర లేదు, అది కార్బన్ దగ్గర ఉంది. 2014లో హర్యానాలోని కోట్లా దాహర్ సరస్సు నత్తగుల్లల ఆక్సిజన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న ఆక్సిజన్ రకాలు) సుమారు 4,100 ఏళ్ల కిందట ఋతుపవనం హఠాత్తుగా బలహీనపడిందని చూపాయి. దాంతో వాతావరణ వాదన మళ్లీ లేచింది, ఈసారి వేరే సాక్షి నోట. నా మటుకు నాకు, ఒక ఎడారి అంచు సరస్సు చరిత్రను మొత్తం నాగరికత మీద పరచడమే అసలు తొందరపాటు అనిపిస్తుంది.

సింగ్ పరిశీలించిన ఆ రాజస్థాన్ మట్టిలోనే బొగ్గు తునకలతో పాటు ధాన్యపు గింజల రకం గడ్డి రేణువులు కూడా కనిపించాయి. మనుషులు అడవి కాల్చి సేద్యం చేశారా? కొన్ని అడవి గడ్డిజాతుల రేణువులు కూడా అంతే పెద్దవి కాబట్టి రూఢిగా చెప్పలేం. చెట్లు తగ్గి గడ్డి పెరిగితే కారణం వాన తగ్గడమే కానక్కర్లేదు. గొడ్డలి కావచ్చు, మంట కావచ్చు. 20 వేల ఏళ్ల కిందటి హిమయుగంలోనైతే గాలిలో కార్బన్ డయాక్సైడ్ సుమారు 180 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 180కి) పడిపోవడం వల్ల కూడా ఉష్ణమండలపు గడ్డిజాతులకు అనుకూలత కలిగింది.

మన గోదావరి దగ్గరికి వద్దాం. 2006లో బంగాళాఖాతం అడుగున గ్యాస్ హైడ్రేట్ల (మంచులాంటి పదార్థంలో చిక్కుకున్న సహజవాయువు) కోసం జరిగిన తవ్వకాల్లో, గోదావరి ముఖద్వారానికి ఎదురుగా ఒక కోర్ దొరికింది. ఇంధనం వెతకబోతే నదీ పరీవాహకమంతటి పాత వృక్ష చరిత్ర చేతికొచ్చింది. 2015లో వెలువడిన పుప్పొడి పరిశీలన ప్రకారం 11,300 నుంచి 4,200 ఏళ్ల కిందటి వరకు తీర అడవులు, మడ అడవులు విస్తరించి ఉండేవి. ఆ తరువాత పొడి నేల వృక్షజాలం పెరిగింది. అదే కోర్‌లోని ఆకుల మైనంలో ఉన్న కార్బన్‌ను అంతకుముందే, 2012లో పరిశీలించినవారు కూడా సుమారు 4,000 ఏళ్ల కిందటి నుంచి ఎండుదనం పెరిగిందనే తేల్చారు. రెండు వేరువేరు సాక్షులు ఒకే మాట చెప్పారు కనుక దీన్ని నేను రాజస్థాన్ కథకన్నా ఎక్కువ నమ్ముతాను. అయితే నాసిక్ దగ్గరి కొండల నుంచి కోనసీమ వరకు అంతా కలగలిసి వచ్చిన మట్టి అది. తెలంగాణ పీఠభూమిలో ప్రత్యేకంగా ఏం జరిగిందో అందులోంచి విడదీయలేం.

పీఠభూమి మీద పాత సహజ సరస్సులు అరుదు. మనకున్నవి చెరువులు, అవి మనిషి కట్టినవి. రామప్ప, పాకాల వంటి కాకతీయుల చెరువుల్లో పూడిక ఎంత పాతదైనా సుమారు ఎనిమిది వందల ఏళ్లదే. అయినా అది తక్కువ కాదు. మొక్కజొన్న అమెరికా నుంచి వచ్చినది, దాని రేణువు పెద్దది కనుక పోల్చుకోవడం తేలిక. అది మొదట కనిపించిన పొర పోర్చుగీసుల రాకకు తరువాతిదని చెప్పవచ్చు. అలాంటి గుర్తులు, రేడియోకార్బన్ కలిపితే కరవు దశాబ్దాలు ఏవో వెతకవచ్చు. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో పూడిక తీసి పొలాలకు తోలారు. రైతుకు అది మంచిదే, నేను దాన్ని తప్పుపట్టడం లేదు. కానీ యంత్రాలు దిగే ముందు ప్రతి పెద్ద చెరువులో, వేసవిలోనూ నీరు ఆగే లోతైన చోట, ఒక్క కోర్ తీసి చీకటిలో, చల్లగా భద్రపరచమని నీటిపారుదల శాఖను కోరుతున్నాను. తీయడానికి పట్టేది ఒకటి రెండు రోజులు. లెక్కపెట్టే మనిషి పదేళ్ల తరువాత దొరికినా ఫర్వాలేదు.