వెర్బ్‌తో పాటు దాని వెనకాల వచ్చేదీ నేర్చుకోవాలి

అందరికీ నమస్కారమండి. ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళు ఎక్కువమంది ఏం చేస్తారంటే ఒక వెర్బ్ రాసి, పక్కన తెలుగు అర్థం రాసి, అలా వందల కొద్దీ బట్టీ పడతారు, తీరా మాట్లాడదాం అనేసరికి వాక్యం కుదరదు. కష్టపడక కాదు, బాగానే కష్టపడుతున్నారు, కానీ ఆ లిస్టులో ఉండేది సగమే, మిగతా సగం ఆ వెర్బ్ తర్వాత ఏం రావాలి అన్నది.

"చెప్పడం" తీసుకోండి. సే అన్నా చెప్పడమే, టెల్ అన్నా చెప్పడమే, అర్థం దగ్గర రెండింటికీ ఒకటే రాసుకుంటాం. తేడా అంతా వెనకాల వచ్చే మాటలో ఉంది. టెల్ అన్నాక మామూలుగా ఎవరికి చెప్పారో ఆ మనిషి వెంటనే వచ్చేయాలి, టెల్ మి, టోల్డ్ హర్. సే అన్నాక చెప్పిన మాట వస్తుంది, మనిషిని పెట్టాలంటే ముందు టు కావాలి, సెడ్ టు మి. టెల్ ద ట్రూత్, టెల్ ఎ స్టోరీ లాంటివి కొన్ని వేరేగా ఉంటాయి, వాటిని అలాగే మొత్తంగా గుర్తుపెట్టేసుకోండి. ఎక్స్‌ప్లెయిన్ కూడా సే దారిలోనే పోతుంది, మనకి "నాకు వివరించు" అని మనసులో ఉంటుంది కాబట్టి ఎక్స్‌ప్లెయిన్ మి అనేస్తాం, ఎక్స్‌ప్లెయిన్ ఇట్ టు మి అనాలి. డిస్కస్ సంగతీ అంతే, "దాని గురించి చర్చించాం" అంటాం కదా, ఆ "గురించి" కాస్తా అబౌట్ అయిపోయి డిస్కస్ పక్కన చేరుతుంది, అక్కడ అది అక్కర్లేదు, డిస్కస్ ద ప్రాబ్లమ్ చాలు.

ఇది నేను కొత్తగా చెప్తున్నది కాదండి. జపాన్‌లో ఇంగ్లీష్ పాఠాలు చెప్పిన ఎ.ఎస్. హార్న్‌బీ 1942లో టోక్యోలో తెచ్చిన డిక్షనరీలో అర్థాలతో పాటు వెర్బ్ ఏ వాక్య నమూనాలో వస్తుందో కూడా ఇచ్చారు, 1948లో దాన్నే ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు వేశారు. ఇప్పుడు దొరికే పెద్ద లెర్నర్స్ డిక్షనరీల్లో, అంటే ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళ కోసం వేసేవాటిలో, ఆ సమాచారం ఉంటుంది, మనమే అర్థం చూసి మూసేస్తాం! దయచేసి కింద ఉన్న ఉదాహరణ వాక్యాలు కూడా చదవండి, అసలు సరుకు అక్కడే ఉంది.

వెనకాల వచ్చేది మారితే ఒక్కోసారి అర్థమే మారిపోతుంది. హి స్టాప్డ్ టాకింగ్ అంటే మాట్లాడటం ఆపేశాడు. హి స్టాప్డ్ టు టాక్ అంటే చేస్తున్న పని ఆపి మాట్లాడటానికి ఆగాడు. ఒకటి నోరు మూయడం, ఇంకోటి నోరు తెరవడం, వెర్బ్ మాత్రం అదే.

ఇంక ఐయామ్ నోయింగ్, ఐయామ్ ఓనింగ్ లాంటివి. తెలియడం, సొంతంగా ఉండటం అనేవి జరుగుతున్న పనులు కావు, ఉన్న స్థితులు, అందుకే వాటికి మామూలుగా ఇంగ్ రాదు. థింక్ మాత్రం రెండువైపులా వెళ్తుంది, అభిప్రాయం అయితే ఐ థింక్, కూర్చుని ఆలోచిస్తుంటే ఐయామ్ థింకింగ్.

గో, వెంట్, గాన్ టేబుల్స్ గురించి చాలామంది భయపడతారు, నాకైతే అంత భయం అక్కర్లేదనిపిస్తుంది. బి, హావ్, డూ, సే, గో, గెట్, మేక్, ఇలా రోజూ ఎక్కువగా వాడేవే ఇర్రెగ్యులర్, వాడుతూ ఉంటే నోటికి అవే వచ్చేస్తాయి. కొత్తగా పుట్టే వెర్బ్‌లు దాదాపు అన్నీ ఈడీ చేర్చుకునేవే, గూగుల్డ్ అన్నట్టు.

ఇప్పుడు పుస్తకాలు తీసి రిమెంబర్ అని రాయండి. పక్కన అర్థం వద్దు, కింద రెండు వాక్యాలు రాయండి, ఒకదాంట్లో రిమెంబర్ టు లాక్, ఇంకోదాంట్లో రిమెంబర్ లాకింగ్ రావాలి. తాళం ఇంకా వేయాల్సి ఉన్నది ఎందులో, ఆల్రెడీ వేసేసింది ఎందులో అన్నది పక్కవాళ్ళతో మాట్లాడుకుని చెప్పండి, ఆ తర్వాత ఫర్‌గెట్ చూద్దాం.